అడుగు గిన్నె

12 నవంబర్, 1994
మబ్బు. బాపు ముఖం మళ్లీ చెమర్చింది.
గోనెపట్టా మీద మొలాసిస్‌తో, అంటే చెరుకు మడ్డితో వేసిన బొమ్మ మరి. ఎండ కాస్తే బిగుసుకుంటుంది, ముసురు పడితే కారుతుంది. ఇవాళ కుడికన్ను కింద నుంచి గడ్డం దాకా ఒక ధార. తుడవలేదు. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాను. అయినా ఒకటి చెవి దాకా పోయింది.
చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి, ఆ వాసనతోనే ఇంటికొచ్చి, ఆ వాసనతోనే పోయిన తండ్రి. ఆయిల్ కలర్లతో వేస్తే ఎవరో తాసీల్దారులా వచ్చాడు.

17 నవంబర్
హైదరాబాద్ గ్యాలరీ మేడమ్ దగ్గర నుంచి ఉత్తరం. నేను పంపిన ఫోటో చూసిందట. బాపు బొమ్మ కావాలి, అలాంటివే ఇంకో అయిదు కావాలి, జనవరి చివర్లో ప్రదర్శన. మూడుసార్లు చదివాను. పదకొండేళ్లుగా బడిపిల్లలతో మామిడికాయ, జెండా, నెమలి గీయిస్తున్న డ్రాయింగ్ టీచర్‌ని నేను.

18 నవంబర్
అయిదు బొమ్మలంటే మొలాసిస్ ఎంత పడుతుంది? అన్నని అడగాలి.

23 నవంబర్
మొదటి షిఫ్టు దిగి బోధన్ బస్సులో అన్న వచ్చాడు. టిఫిన్ డబ్బా అడుగు గిన్నె నిండా నల్లగా, చిక్కగా.
బాపు చేసిన ఫ్యాక్టరీలోనే అన్న నౌకరీ. దాంతో గుడుంబా సారా కాస్తారని అక్కడి నుంచి మొలాసిస్ చుక్క బయటికి పోనివ్వరు, ఆబ్కారీ వాళ్ల కాపలా. దొరికితే నౌకరీ ఉండదు. అన్నకి తెలుసు. నాకూ తెలుసు.
బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "బాపు వాసనొస్తుందే చెల్లె" అన్నాడు.
అన్న పోయాక గుర్తొచ్చింది, తిన్నావా అని అడగనేలేదు. గుమ్మంలోనే డబ్బా కోసం చెయ్యి చాచాను.

2 డిసెంబర్
మూడో బొమ్మ అయింది. రుద్రూర్ రోడ్డు మీద చెరుకు బండి, మోపుల మీద నిద్రపోతున్న మనిషి. బాగా వచ్చింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు, ఇక్కడ చెబుతున్నాను.

9 డిసెంబర్
గేటు దగ్గర డబ్బాలు విప్పిస్తున్నారట. ఎవడో డ్రమ్ములకు డ్రమ్ములు అమ్ముకున్నాడు, ఇప్పుడు అందరి మీదా అనుమానం. ఆ సంగతి చెబుతూనే అన్న అడుగు గిన్నె తీసి నా ముందు పెట్టాడు.
వద్దు అనాలి. అనలేదు.

14 డిసెంబర్
వదిన వచ్చింది. చాయ్ ముట్టలేదు. గిన్నె అడుగున జిగురు తోమీ తోమీ ఆమెకి ఎప్పుడో తెలిసిపోయిందట. అరుస్తుందనుకున్నాను. అరవలేదు, అందుకే భయం వేసింది.
"నీ బొమ్మకు పేరొస్తది సుజాతా. ఈయన నౌకరీ పోతది. గింతే నేను జెప్పేది."
ఆమె మీద ఒళ్లు మండింది. ఆమె చెప్పింది నిజం కాబట్టి.

16 డిసెంబర్
మొలాసిస్‌కి బదులు బజారులో బెల్లం కొని, పాకం పట్టి, ఇంకో బాపుని వేశాను. రాత్రికి ఆరింది. పొద్దున చూస్తే ఇసుకలా రాలుతోంది.
చీపురుతో ఊడ్చి ఎత్తాను.

21 డిసెంబర్
గ్యాలరీ నుంచి ఫారం. బాపు బొమ్మకి మూడు గడులు — పేరు, కొలత, దేనితో వేశారు.
ఎస్టీడీ బూత్ నుంచి మేడమ్‌కి ఫోన్. 'మిశ్రమ మాధ్యమం' అని రాస్తే సరిపోదా అని అడిగాను. ఒప్పుకోలేదు. మొలాసిస్ అన్న మాటకే పత్రికల వాళ్లు వస్తారంది. ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చిచ్చారు, అదంతా చెప్పండి, బావుంటుంది అంది.
బిల్లు కట్టి బూత్‌లోంచి బయటికొచ్చాను.

28 డిసెంబర్
అన్న డబ్బా విప్పించారు. ఆ రోజు అదృష్టం, ఖాళీ. కానీ అడుగు గిన్నె వాసన చూసి, పేరు రాసుకున్నారు. నవ్వుతూనే చెప్పాడు.
ఇక తేవద్దన్నాను. అయిదు బొమ్మలు పూర్తయి, ఆరోది సగమయ్యాక నాకు నోరు పెగిలింది. సిగ్గు లేదు.

2 జనవరి
ఫారం పోస్టు చెయ్యడానికి రేపే ఆఖరు. మొలాసిస్ తెచ్చింది ఇంకెవరో అని మేడమ్‌కి చెబితే? బాపుని నీటిరంగులతో వేశానని రాస్తే?
రాయలేను. నిజం కూడా రాయలేను.

3 జనవరి
పేరు రాశాను: బాపు. కొలత రాశాను. పెన్ను అక్కడ ఆగింది.
అప్పుడే అన్న. చేతిలో అదే డబ్బా. ఈసారి చెయ్యి చాచలేదు. ముందు అడిగాను, తిన్నావా అన్నా అని.
"లే. డబ్బల బువ్వకు జాగేడిది?"
బల్ల మీద పెట్టినప్పుడు చప్పుడుకే తెలిసింది. మూడు గిన్నెలూ మొలాసిస్‌తో నిండుగా ఉన్నాయి. గేటు ఎలా దాటావంటే చెప్పడు. "గదంత నీకెందుకు. ఆరోది పూర్తి జెయ్యి." కాళ్లు కడుక్కుని, బాపుకి ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు.
డబ్బా మూత తీయలేదు నేను. దాని పక్కనే ఫారం. వదిన మాట చెవిలోంచి పోవడం లేదు.
స్టవ్ మీద అన్నం ఉడుకుతోంది. అన్న తినేదాకా ఆ ఫారం ముట్టుకోను, గడువు దాటినా సరే.
పోస్టు డబ్బా అయిదింటికి తీస్తారు. ఇప్పుడు నాలుగున్నర.