పేరు లేని వ్యాసం

రామచంద్రపురం

ఫిలాసఫీ విభాగాధిపతి గారికి,

నమస్కారమండి. నిన్నటి ఇంటర్వ్యూలో నాకిచ్చిన నాలుగు నిమిషాల్లో మూడు, మా యూనివర్సిటీ ఎక్కడుందో చెప్పడానికే సరిపోయాయి. ర్యాంకింగ్ లిస్టులో దాని పేరు లేదని మీరే ఫోన్లో వెతికి చెప్పారు.

నేను లేచి వచ్చేస్తుంటే ఓ సలహా కూడా ఇచ్చారు. "ఎవరి మాట ఎందుకు నమ్మాలన్న దాని మీద ఈమధ్య ఒక వ్యాసం నా పరిశీలనకి వచ్చిందమ్మా. అచ్చు వేయొచ్చో లేదో చెప్పమని పరిశోధన పత్రికవాళ్ళు రాసినవాళ్ళ పేరు తీసేసి పంపారు గానీ, ఆ పదును చూస్తేనే పెద్ద యూనివర్సిటీ చదువని తెలిసిపోతుంది. అలా రాయడం నేర్చుకోమ్మా" అన్నారు. అందులోని ఉదాహరణ కూడా మెచ్చుకుంటూ చెప్పారు: కొబ్బరికాయల వ్యాపారి ముందు కాయని చెవి దగ్గర ఊపి చూస్తాడు, ఆ తర్వాతే ఏ తోటదని అడుగుతాడు.

ఆ వ్యాపారి మా నాన్నగారండి. ఆ వ్యాసం నాది.

అక్కడే చెబితే ఉద్యోగం కోసం చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను. వచ్చే నెల అది నా పేరుతో, మా యూనివర్సిటీ పేరుతో అచ్చవుతుంది. ఉద్యోగం మీ ఇష్టమొచ్చినవాళ్ళకి ఇచ్చుకోండి. మెచ్చుకున్న మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తే మాత్రం, వ్యాసంలో తప్పెక్కడుందో రాసి పంపండి. ఏ తోటదన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
నిన్నటి మూడో నంబరు అభ్యర్థిని