చలికి ముందు వేసిన ఎరువు

రెజైనా, కెనడా,
అక్టోబరు 26.

చిరంజీవి రూపకు అమ్మ దీవెనలు.

ఇక్కడ నేను బాగున్నాను. ఇల్లు, ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేసు, కారు బ్యాటరీ కూడా బాగానే ఉన్నాయి. విండ్సర్‌లో నువ్వూ, అల్లుడుగారూ, వర్షిణీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఎనిమిదేళ్ల వయసులో ఈ దేశం వచ్చిన పిల్లవు, తెలుగు చేయి దాటిపోతోందని భయపడి నెలకో ఉత్తరం రాసుకుందామన్నావు. నాలుగు నెలల్లో మానేస్తావనుకున్నాను. రెండేళ్లయింది. ఈసారి 'ఋతువు' తప్పు లేకుండా రాశావు. 'ఎరువు' మాత్రం 'ఎర్రువు' అయింది. నవ్వుకున్నాను, ఏమీ అనుకోకు.

ఫ్లూ షాట్ వేయించుకున్నాను. మోకాలు మెట్లెక్కేటప్పుడే గుర్తొస్తుంది, తక్కినప్పుడు దాని పని అది చూసుకుంటోంది. నువ్వు పంపిన ఉన్ని సాక్సులు వేసుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. వర్షిణికి రెండు సీసాల రాస్ప్‌బెర్రీ జామ్ పోస్టులో పంపాను. "అమ్మమ్మ ఈట్స్ ఆల్ ఆఫ్ దెమ్ బై హర్‌సెల్ఫ్?" అని పెరట్లో పళ్ల గురించి అడిగిందని రాశావు కదా. లేదని చెప్పు. పిట్టలు కొన్ని తింటాయి, పక్కింటివాళ్లు కొన్ని తింటారు, మిగిలినవే అమ్మమ్మవి.

మీ ఇంటికి వచ్చేయడానికి టికెట్ ఎప్పటికి బుక్ చేయమంటావని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. దానికి చివర్లో జవాబు రాస్తాను. తప్పించుకోవడం కాదు. దానికంటే ముందు నీ ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. "వచ్చే వేసవికి నువ్వు ఉండని ఇంట్లో రాస్ప్‌బెర్రీ పొదలకు ఇప్పుడు ఎరువెందుకమ్మా?" అన్నావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు.

నేను గార్డెన్ సెంటర్‌లో పనిచేసిన రోజుల్లో సెప్టెంబరు రాగానే జనం ఎరువుల బస్తాలు బండిలో వేసుకుని కౌంటర్ దగ్గరకు వచ్చేవారు. చలికాలం వస్తోంది, మొక్కకు బలం కావాలి కదా అని వాళ్ల ఆలోచన. నిజానికి అప్పుడు నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే రాస్ప్‌బెర్రీకి బలం రాదు, తొందర వస్తుంది. పడుకోవాల్సిన వేళ లేచి కూర్చుంటుంది. లేత చిగుళ్లు వేస్తుంది. మన ఊరి చలికి అవి ఒక్కరాత్రిలో నల్లబడిపోతాయి. అందుకే జూలై దాటాక ఆ ఎరువు జోలికి పోకూడదు. ఈ కాలంలో చేయాల్సిన పని వేరు. కాయలు కాసి ఎండిపోయిన కొమ్మలను మొదలంటా కోసేయాలి. ఈ ఏడాది పుట్టిన కొమ్మలను ఉంచాలి, వచ్చే ఏడు కాసేవి అవే. ఆకులు రాలాక బాగా చివికిన పశువుల ఎరువో, కంపోస్టో మొదలుకు ఆనకుండా చుట్టూ పరిచి, నేల గడ్డకట్టకముందే నిండుగా నీళ్లు పెట్టి, పైన గడ్డి కప్పాలి. అది ఈ పూట ఆకలికి పెట్టే తిండి కాదు. మంచు కింద నెమ్మదిగా నాని, వసంతంలో వేళ్లు కదిలేసరికి అందుతుంది.

ఈ సంగతి తెలియని మనిషి పక్కింట్లో ఉన్నారు. అమరేశ్వరరావు గారి గురించి ఇంతకు ముందు ఒకటి రెండు మాటలే రాశాను. అనంతపురం ఆయన. ఇక్కడ హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక పెద్ద ఇల్లు అమ్మేసి, మూడేళ్ల కిందట మన పక్కిల్లు కొనుక్కున్నారు. మీ నాన్న కంచె పొడవునా నాటిన పొదలు కంచె కింద నుంచి పిలకలు పంపి ఆయన పెరట్లో తేలాయి. ఒకరోజు ఒక పిలకను వేరుతో సహా పట్టుకొచ్చి మన తలుపు కొట్టారు.

"ఇది మీదేనా అండీ? మా లాన్‌లోకి వచ్చింది."

"మాదే. అక్కర్లేకపోతే పీకేయండి," అన్నాను.

"పీకడానికి మనసొప్పలేదు. పెంచుకుంటే మీకేమైనా అభ్యంతరమా?"

అలా ఆయన వైపు కూడా ఒక వరస తయారైంది. ఆ పెంపకం మాత్రం చూడలేకపోయేదాన్ని. సెప్టెంబరులో లాన్ ఎరువు గుప్పించారు. వద్దని కంచె మీదుగా చెప్పాను. "నేను కెమిస్ట్రీ టీచర్‌నండీ, ఆ బస్తా మీద రాసింది నాకు అర్థమవుతుంది," అన్నారు. ఆయన పొదలు పచ్చగా చిగిర్చాయి. నావి ఆకులు రాల్చి మోడుల్లా నిలబడితే ఆయన జాలిపడ్డారు కూడా. మే నెలలో చూస్తే ఆయన వరసంతా సగానికి పైగా ఎండిపోయి ఉంది.

ఆ రోజు ఆయన పొదల మధ్య నేల మీద కూర్చుండిపోయి ఉన్నారు. ఎగతాళి చేద్దామనే వెళ్లాను, రూపా. ముఖం చూశాక ఆ ఆలోచన పోయింది.

"లక్ష్మికీ ఇలాగే చేశాను," అన్నారు. లక్ష్మి ఆయన భార్య. "ఆఖరి రోజుల్లో తినలేను, వదిలేయమని బతిమాలేది. నేను వినలేదు. ప్రోటీన్ పౌడర్, రాగిజావ, ఏదో ఒకటి. నోరు మూసుకుంటే స్పూన్‌తో పెదాలు తెరిచేవాణ్ని. ఒంటికి ఇక అక్కర్లేదండీ అని నర్సు చెప్పినా నామీద నాకే నమ్మకం. తిండి పెడితే ఎవరైనా బతుకుతారనుకున్నాను."

మీ నాన్న ఐదు నిమిషాల్లో పోయారు. అలాంటి రోజులు నేను చూడలేదు. పక్కన కూర్చుని మట్టి కాస్త తవ్వి చూపించాను. వేళ్లు తెల్లగా, గట్టిగా ఉన్నాయి. "ఇవి బతికే ఉన్నాయి. ఎండిన మేరకు కోద్దాం," అన్నాను. సాయంత్రం దాకా ఇద్దరం కోశాం. అప్పటి నుంచి రెండు వరసలకూ పని కలిసే చేస్తున్నాం.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన విషయం ఒకటి రాయాలి. జనవరిలో ఫోన్‌లో నా గొంతు నీరసంగా ఉందంటే జలుబన్నాను. జలుబు కాదు. మధ్యాహ్నం చెత్తబుట్ట వీధిలో పెట్టి వస్తూ ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు మీద జారి పడ్డాను. మోకాలు మెలితిరిగింది, తలకు దెబ్బ తగిలింది. బయట ఎంత చలో నీకు చెప్పక్కర్లేదు. లేవలేకపోయాను. అమరేశ్వరరావు గారు కిటికీలోంచి చూసి పరుగెత్తుకొచ్చారు, దుప్పటి కప్పి అంబులెన్స్‌ను పిలిచారు. హాస్పిటల్‌లో ఆయన్ను "మీరు ఆమెకు ఏమవుతారు?" అని అడిగారట. "నెయిబర్‌ని" అన్నారట. లోపలికి రానివ్వలేదు, నా సంగతీ చెప్పలేదు. వాళ్ల రూల్ వాళ్లది. చీకటి పడేదాకా ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నారు. స్కాన్లన్నీ బాగున్నాయని నన్ను బయటకు పంపినప్పుడు చూశాను. ఆయన కాళ్లకు ఇంట్లో తొడుక్కునే చెప్పులే ఉన్నాయి.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే మర్నాడే విమానం ఎక్కి వచ్చి నన్ను తీసుకుపోతావు. నీ ప్రేమ నాకు తెలుసు. నాకు రావాలని లేదని నీకు చెప్పే ధైర్యం అప్పుడు లేదు.

రెండు వారాల కిందట ఆకులు రాలాయి. ఎరువు పరిచే పని పెట్టుకున్నాం. ఆయన తోపుడు బండిలో తెస్తున్నారు, నేను పారతో పరుస్తున్నాను. నా వరస చివరికి వచ్చేసరికి ఆయన బండి దించి నిలబడ్డారు.

"ఇవి జూలైలో కదండీ కాసేవి? మీరు విండ్సర్ వెళ్లిపోతే ఇటువైపు ఎవరు కోస్తారు?"

"మీరే కోసుకోండి. కంచె కూడా తీసేయండి, అడ్డమెందుకు," అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "నాకు పళ్లు వద్దు సూర్యకుమారి గారూ. మీరుండాలి. మనం పెళ్లి చేసుకుందామా? ఇంకోసారి ఎవరైనా మీరామెకు ఏమవుతారని అడిగితే నెయిబర్‌ని అని చెప్పలేను."

నేను పార అక్కడే వదిలి లోపలికి వచ్చేశాను. వారం రోజులు పెరట్లోకి వెళ్లలేదు. అరవై రెండేళ్ల మనిషిని. తెలుగు అసోసియేషన్ వాళ్లు ఏమంటారోనని ఆలోచించాను. వాళ్లలో హైమావతి ఆంటీ ఎన్ని ఫోన్లు చేస్తుందో లెక్క వేసుకున్నాను. కాసేపటికి అవి చిన్నవైపోయాయి. నీ ముఖం మాత్రం చిన్నది కాలేదు.

నాన్నను మరిచిపోయావా అని అడుగుతావు. నువ్వు అడగకముందే నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. లేదు. ఇప్పటికీ కాఫీ కలిపేటప్పుడు ఆయన కోసం పంచదార డబ్బా వైపు చేయి పోతుంది. అమరేశ్వరరావు గారికీ లక్ష్మి గారు అంతే. ఒకరి స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టడం లేదు. మిగిలిన రోజుల్ని ఒక మనిషితో పంచుకోవాలని ఉంది, అంతే. ఇన్నేళ్లలో నాకు కావాల్సింది ఇదీ అని ఎవరి దగ్గరా అనలేదు, రూపా. అనడం ఇంత కష్టమని తెలియదు.

మీ ఇంట్లో నాకోసం గదికి రంగు వేయించావు. ఆ గదిలోకి చుట్టంలా వస్తాను, వర్షిణితో నెల రోజులుంటాను. ఉండిపోవడానికి మాత్రం రాలేను. నీ ప్రశ్నకు ఇదీ జవాబు.

వారం తర్వాత వెళ్లి సరేనన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మీ అమ్మాయి కాదంటే?" అన్నారు.

"బాధపడతాను. చాలా బాధపడతాను. పెళ్లి మాత్రం ఆగదు," అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని నాకే ఆశ్చర్యం వేసింది. నీకు కోపం వస్తే దాచుకోకు. ఫోన్‌లో అరవాలనిపిస్తే అరిచెయ్, వింటాను.

డిసెంబరులో నీ సెలవుల్లో పెట్టుకుందామనుకుంటున్నాం. పెళ్లి జరిపించే మ్యారేజ్ కమిషనర్ ఇంటికే వస్తారట. పంతులుగారు, హాలు, భోజనాల హడావుడి ఏమీ లేదు. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. వాంకూవర్ నుంచి ఆయన కొడుకు సాయిచరణ్ వచ్చి ఒక సంతకం పెడతానన్నాడు. రెండోది ఎవరని అతను ఫోన్‌లో అడిగాడు. ఎదురింటివాళ్లను అడిగినా పెడతారు. ఇంకా ఎవరినీ అడగలేదని చెప్పాను. ముందు నిన్ను అడగాలి కదమ్మా. వస్తావా?

ఇట్లు,
నీ మాట వినడానికి కూర్చున్న
మీ అమ్మ,
సూర్యకుమారి