పైగది బండలు

12 నవంబర్ 2025, బుధవారం

ఇంటి ఖర్చుల పుస్తకంలో ప్రతిదానికీ ఒక పద్దు ఉంది. ఈరోజు జరిగింది ఏ పద్దు కింద రాయాలో తెలియలేదు. అందుకే ఈ వేరే పుస్తకం.

మనవరాలు ఇంద్రజ తన బొమ్మల ఎగ్జిబిషన్‌కు హాలు చూసుకోవడానికి బెంగళూరు వెళ్లి ఈ ఉదయమే వచ్చింది. తను లేనప్పుడు పైగది నేల బాగు చేయించాను. పాత షాబాద్ బండలు. ఒకటి లేచి, ఒకటి కుంగి, అన్నీ ఎగుడుదిగుళ్లు. పిల్ల వాటి మీదే కాన్వాసు గుడ్డ పరిచి మగ్గుతో పలచటి రంగు పోస్తుంది. రంగు ఆ గుంటల వెంట పాకుతూ ఎటో పోతుంది. పూటంతా దాన్నే చూస్తూ కూర్చుంటుంది. ఆ అవస్థ చూడలేక మేస్త్రీ ఎల్లేష్‌ను పిలిచి టైల్స్ వేయించాను. నేల సమంగా వచ్చిందో లేదో లెవెల్ పైపు పట్టుకుని నేనే చూసుకున్నాను.

ఇంద్రజ తలుపు తీసి అక్కడే కూలబడింది. "ఏం జేసినవే నానమ్మా!" అన్నది. సంతోషం అనుకున్నాను.

13 నవంబర్

పిల్ల అన్నం తినలేదు.

14 నవంబర్, మధ్యాహ్నం

బొమ్మ వేసేది బ్రష్షు కాదట, నేలట. కోడలు కళావతి చెప్పింది. అన్నిటికంటే పెద్ద బొమ్మ ఇంకా వేయనేలేదు. అది లేకపోతే హాలు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.

పిల్ల టైల్స్ మీద పోసి చూపించింది. రంగు మినపట్టులా గుండ్రంగా నిలబడిపోయింది. "ఇగో సూడు, మస్తు సాపుగున్నది. సచ్చిన నేల" అన్నది. గుడ్డ కింద చెక్కలు పెట్టుకోమన్నాను. "చెక్క పెడితే ఒక్క దిక్కే వాలుతది. గా బండలు తాత పుట్టకముందుకెళ్లి కుంగుతున్నయే!"

పిల్లలకు గీతలు తిన్నగా గీయడం నేర్పి రిటైరైన దాన్ని. తిన్నగా ఉంటే తప్పెలా అవుతుంది?

16 నవంబర్, సాయంత్రం

ఎల్లేష్‌ను నిలదీశాను. ఆ బండలన్నీ మా వెనక గల్లీలో పాలవ్యాపారి రవీందర్ బర్రెల కొట్టంలో పరిచేశాడట. "మీరే తీస్కపొమ్మంటిరి గద టీచరమ్మా. ఇప్పుడు లేపితే పలుగుతయ్" అన్నాడు.

ఇంద్రజను తీసుకుని వెళ్లాను. రవీందర్‌కు మహా సరదాగా ఉంది. "రంగులదేముంది టీచరమ్మా, మా బర్లు పోసేది గూడ దీని మీద మంచిగ పారుతది" అన్నాడు. ఇలాంటివి రాయకూడదు. రాశాను.

పిల్ల ఒక మగ్గు నీళ్లు పోసింది. నీళ్లు ఒక బండ దగ్గర ఆగి, రెండు పాయలై, గోడ కింద మళ్లీ కలిశాయి. మా పైగదిలో అలా పోయేవి కావు. రోజూ కడిగినదాన్ని, నాకు తెలుసు. ఆ మాటే చెప్పబోయాను. ఇంద్రజ నావైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఇంకో మగ్గు పోసింది.

"రవీందరన్నా, బర్లను ఇంకోతాన కట్టేస్తవా?"

నాకేమీ అర్థం కాలేదు. ఇంటికి వచ్చి పిల్ల రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

17 నవంబర్

పెద్ద బొమ్మ కొట్టంలో ఆ బండల మీదే వేస్తుందట. నేను ఒప్పుకున్నవి:

1. బర్రెలు మా వాకిట్లో ఉండాలి, రంగు ఆరేదాకా.
2. కొట్టం నేను కడగాలి. ఫినాయిల్ వద్దన్నది.
3. ఈగలకు దోమతెర, నయాపూల్ బజారు నుంచి.
4. రంగు ఎటు పోయినా నేను తుడవకూడదు.