హాజరు గుమాస్తా గారి నాగా

కరీంనగర్,
జూలై 1.

గౌరవనీయులైన బుచ్చిరాములు గారికి, పరిశోధక విద్యార్థిని వనిత నమస్కరించి రాసేది.

సామాజిక మాధ్యమాలు మన బంధుత్వాలను ఏం చేస్తున్నాయన్నది నా పరిశోధన. ఇందుకోసమే మీరు నన్ను ‘పాత బాయి దోస్తులు’ వాట్సాప్ గ్రూపులో చేర్చారు. రెండు వందల పన్నెండు మందిలో రోజూ పొద్దున ఐదింటికి శుభోదయం పెట్టేది మీరొక్కరే. నలభై ఏళ్లు బొగ్గుబాయిలో హాజరు రాసిన గుమాస్తా గారు కదా, ఒక్క రోజూ తప్పలేదు. అలాంటి మీరు ముప్పై రోజులు ఫోన్ ముట్టకపోతే ఏమవుతుందో చూడాలని ఉంది. ఒప్పుకుంటే దీనికి జతచేసిన ఒప్పుకోలు పత్రం మీద సంతకం చేసి పంపి, గ్రూపులో వీడ్కోలు చెప్పి, ఫోన్ ఆపేసి, ఏ విషయమైనా నాకు ఉత్తరంలోనే రాయండి.

ఇట్లు,
భవదీయురాలు, వనిత

తా.క.: వీడ్కోలు క్లుప్తంగా చాలు. మొన్న మీ శుభోదయం చదివేసరికి నాకు మధ్యాహ్నమైంది.

---

సుల్తానాబాద్,
జూలై 5.

చిరంజీవి వనితకు బుచ్చిరాములు దీవించి రాయునది.

ఒప్పుకున్నాను. ఇందులో నా స్వార్థం కూడా ఉంది. జైనూర్‌లో ఉండే హనుమండ్లు, నేను ముప్పై ఏళ్లు ఒకే బాయిలో పని చేశాం, ఒకే గిన్నెలో తిన్నాం. పోయిన ఏడు వాళ్లవ్వ చనిపోయిందని గ్రూపులో పెట్టాడు. కళ్లద్దాలు దొరక్క, కళ్ల నుంచి నీళ్లు కారుతున్న బొమ్మ ఒకటి చూసి నొక్కాను. అది ఏడ్చే బొమ్మ కాదు, పగలబడి నవ్వే బొమ్మ అని పక్కింటి జ్యోతిరాణి చెప్పేసరికి నా గుండె ఆగినంత పనైంది. ఆ రోజు నుంచి వాడు నాతో మాట్లాడడు. మా మధ్య చిచ్చు పెట్టింది ఈ ఫోనే. వాడు ఒక్కసారి మాట్లాడతానంటే మూడు వందల రోజులైనా దీన్ని ముట్టను.

నువ్వు చెప్పినట్టే వీడ్కోలు ఇప్పుడే క్లుప్తంగా పెట్టాను: “ఇగ సెలవు. అందరు మంచిగుండుండ్రి.” జతగా నా ఫోటో ఒకటి పెట్టాను. మొహం సరిగ్గా కనిపించేది అదొక్కటే, ఉద్యోగం దిగిపోయిన రోజు బంతిపూల దండ వేసి తీసింది. ఫోన్ బియ్యం డ్రమ్ములో అడుగున దాచాను.

ఇట్లు,
నీ మేలు కోరే బుచ్చిరాములు

తా.క.: ఫోటోలో కళ్లు మూసుకుపోయాయి. అయినా మొహంలో మంచి శాంతి ఉంది.

---

కరీంనగర్,
జూలై 6.

బుచ్చిరాములు గారి సతీమణి రామవ్వ గారికి, వనిత నమస్కరించి రాసేది.

నిన్న సాయంత్రం గ్రూపు తెరిచి కొయ్యబారిపోయాను. దండ వేసిన ఫోటో, కింద సెలవు! ఇవాళ ఐదింటికి శుభోదయం రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. లింగమూర్తి గారు మొదట ఓం శాంతి అని పెట్టారు, మధ్యాహ్నానికి అవి నూట తొంభై అయ్యాయి. “నిద్రలనే పోయిండట” అని కొందరు, “కాదు, చాయ్ తాగుకుంట పోయిండు” అని కొందరు, రెండు వర్గాలై కొట్లాడుకుంటున్నారు.

అమ్మా, ఫోన్ మానేయమన్నది నేనే. ఆయన గుండె తట్టుకోలేదేమో. నా పరిశోధన ఒక నిండు మనిషిని పొట్టన పెట్టుకుంది. నేను కూడా గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి, కన్నీళ్లతో ఇది రాస్తున్నాను.

ఇట్లు,
దుఃఖంతో, వనిత

తా.క.: ఈ సమయంలో అడగకూడదు కానీ, ఆయన ఒప్పుకోలు పత్రం మీద సంతకం ఇంకా అందలేదు. మీ వేలిముద్ర అయినా సరిపోతుంది.

---

సుల్తానాబాద్,
జూలై 11.

చిరంజీవి వనితకు, స్వర్గీయ బుచ్చిరాములు దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం.

నీ ఉత్తరం రామవ్వకు నేనే చదివి వినిపించాను. నువ్వు అంత బాగా రాశావు, ఇద్దరికీ ఏడుపు ఆగలేదు.

ఆరో తారీఖున నేను గడపలో కూచుని సర్వపిండి తింటున్నాను. ఆటోలోంచి నలుగురు పాత దోస్తులు దండలతో దిగారు. ముందున్న బాలమల్లు నన్ను చూసి దండతో సహా కూలబడ్డాడు. వాడి మొహం మీద నీళ్లు చల్లుతుండగానే మస్కట్ నుంచి మా శ్యాంసుందర్ జ్యోతిరాణి ఫోనుకు చేసి గొల్లుమన్నాడు. నేను ఫోన్ ముట్టరాదు కదా, రామవ్వ అందుకుంది.

“మీ బాపు బతికే ఉన్నడు బిడ్డా.”

“మరెందుకు మాట్లాడుతలేడే అవ్వా?”

“వనితమ్మ మాట్లాడొద్దన్నదట.”

“గా వనితమ్మ ఎవలు?”

అక్కడి నుంచి ఇంట్లో వేరే గొడవ మొదలైంది. అది మళ్లీ రాస్తాను.

సాయంత్రం వానలో మూడు బస్సులు మారి హనుమండ్లు వచ్చాడు. చంకలో నా మీద కప్పడానికి తెచ్చిన తెల్లబట్ట. నన్ను చూడగానే, “నువ్వు సావలేదారా?” అని నా చెంప మీద ఒక్కటిచ్చి, కావలించుకుని ఏడ్చాడు. నేను వాడి చేతులు పట్టుకుని ఆ నవ్వే బొమ్మ సంగతి చెప్పాను. వాడు తెల్లబోయాడు.

“ఏం బొమ్మరా? నేను ఎవ్వని బొమ్మ సూడలే. మా అవ్వ పీనుగ లేసెదాక నీ కోసం తొవ్వ సూసిన. నువ్వు రాలే. గదే నా బాధ.”

వనితా, బాయిలో పనికి రాని వాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ‘నాగా’ అని వేసేవాణ్ని. ఎవరు బతిమాలినా దిద్దలేదు. నా పేరు ఎదురుగా పడిన నాగాను మాత్రం ఏడాదిగా చూసుకోలేదు. గ్రూపు వాళ్లు చంపినప్పుడు చావలేదు కానీ, ఆ మాట విన్నప్పుడు నిజంగానే చచ్చాను. రేపు వాడితో కలిసి జైనూర్ పోతున్నాను. వాళ్లవ్వ సంవత్సరీకం అయ్యేదాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
ప్రాణాలతో, బుచ్చిరాములు

తా.క.: ఆ తెల్లబట్టను షాపతను వాపసు తీసుకోనన్నాడట. రామవ్వ కిటికీకి పరదా కుట్టింది.

ఇంకో తా.క.: ఒప్పుకోలు పత్రం సంతకం చేసి పంపుతున్నాను. నీ పరిశోధనకు పనికొస్తుందని దాని వెనకాల నా చావుకు వచ్చిన వాళ్ల హాజరు రాశాను. నన్ను తీసేస్తే రెండు వందల పదకొండు మందిలో ఐదుగురు. మిగిలిన వాళ్లకు ఎర్ర సిరా. కరీంనగర్ నుంచి మా ఊరికి బస్సులో గంట కూడా పట్టదు బిడ్డా, కాబట్టి నీకూ నాగా వేయక తప్పలేదు.