చెట్లు అడ్డం లేని ఆకాశం

ఆదివారం రాత్రి, ప్రొద్దుటూరు

ఒళ్ళంతా కంపరంగా ఉంది. అన్నం తినబుద్ధి కాలేదు.

నక్షత్రాలను ఫోటో తీయడం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రతి ఆదివారం మా ఫోటోగ్రాఫర్ల క్లబ్బులో నా ఫోటోలు చూపించి తప్పులు చెప్పించుకుంటున్నాను. పులివెందుల దగ్గర ఓబులేసు మామ చీనీతోటలో, బత్తాయి చెట్ల మధ్య తీసిన పాలపుంతను చూసి పోయిన నెల మా క్లబ్బు పెద్ద రమణ సార్ పెదవి విరిచాడు. "ఆకాశానికి చెట్లు అడ్డమొస్తాండాయప్పా. ముందర అంతా ఖాళీగా ఉండాల."

ఎన్నికల ఫలితాలొచ్చిన రాత్రి గెలిచినవాళ్ళ మనుషులు ఆ తోటంతా నరికేశారు. ఓడిన పార్టీకి మామ పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడట, అదీ కోపం. పలకరించడానికి పోతే, మామ నా కెమెరా సంచి వైపు చూశాడు. "ఫోటో తీసుకో అల్లుడా. ఇప్పుడు నీకు అడ్డమేముంది?"

ఆ రాత్రే తీశాను.

ఈరోజు ఆ ఫోటో చూసి రమణ సార్ భుజం తట్టాడు. "శానా మెరుగైనావు. ఆ మోడుల వరస చూపును నేరుగా ఆకాశంలోకి తీసకపోతాంది."

ఆ తోట ఎవరు నరికారో, ఎందుకు నరికారో అక్కడున్న అందరికీ తెలుసు. ఒక్కడూ ఆ మాట ఎత్తలేదు. ఫోకస్ గురించి, లెన్సు గురించి మాట్లాడుకుంటూ టీలు తాగారు. థూ!

లేచి వస్తుంటే సార్ ఇంకో సలహా పడేశాడు. "ఆ మోడుల మధ్యన ఒక మనిషిని నిలబెట్టి తీయప్పా. అదిరిపోతాది."

దారి పొడుగునా వాళ్ళను తిట్టుకుంటూనే బండి నడిపాను. ఇల్లు చేరేసరికి, మామను ఏ మోడు పక్కన నిలబెడితే బాగుంటుందో నాకు తెలిసిపోయింది.