పుష్పమ్మ ఆవకాయలో ఉప్పు

పటాన్‌చెరు,
18 మే 2025, ఆదివారం.

సౌభాగ్యవతి పుష్పమ్మకు నీ నాగరత్నమ్మక్క దీవెనలు. మరిది లింగానికి, పిల్లలకు ఆశీస్సులు. మీ అత్త రాజవ్వగారిని అడిగానని చెప్పు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కదా. మీ బావగారికి బీపీ, నాకు కడుపుమంట. మిగతాదంతా క్షేమమే.

ఏడాదిగా మాట్లాడని మనిషి ఉన్నట్టుండి ఉత్తరం రాసిందేమిటా అనుకుంటావు. పటాన్‌చెరు నుంచి పాశమైలారం ఎంత దూరమని? ఆటో ఎక్కితే అరగంట. ఫోనూ ఉంది. మూడుసార్లు నీ నంబరు నొక్కి, మోగకముందే కట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

సంగతి మా అలేఖ్యది. దానికిప్పుడు ఏడో నెల. తెల్లాపూర్‌లో పంతొమ్మిదో అంతస్తులో కూర్చుని ఏం తిన్నా వాంతి చేసుకుంటోంది. మొన్న డాక్టరమ్మ బరువు చూసి చీవాట్లు పెట్టిందట. ఈ ఏడాది నేను పెట్టిన కొత్తావకాయ జాడీ పట్టుకుని పరుగెత్తాను. వేడన్నంలో కలిపి, నెయ్యి వేసి, ముద్ద నోట్లో పెట్టాను. నమిలింది, ఆగింది, కాగితంలో ఉమ్మేసింది. చేదుగా ఉందమ్మా అంది. ఆ వెంటనే, కన్నతల్లి ఎదురుగా కూర్చుని ఉండగా, పుష్పమ్మ పిన్ని పెట్టిన ఆవకాయ ఉందేమో అడగవా అంది. నా ఒళ్ళు ఎలా మండిందో ఏం చెప్పను!

చేదు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మీ బావగారి బీపీకి డాక్టరు తక్కువ సోడియం ఉప్పు వాడమన్నాడు. పప్పులో, చారులో అదే వేస్తున్నాను, తేడా ఏమీ తెలియలేదు. ఉప్పు ఏదైతేనేం అనుకుని ఆవకాయలోనూ అదే కుమ్మరించాను. చారులో చిటికెడు వేస్తే కనబడని చేదు, ఆవకాయలో సోలెడు పడేసరికి బయటపడింది. ముప్పై కాయల ఆవకాయ పారబోశాను. అలేఖ్య వంటింట్లో చూస్తే గులాబీ ఉప్పు, నల్లుప్పు, రేకుల ఉప్పు, ఇంకేదో పేరు తెలియని ఉప్పు, నాలుగు సీసాలు బారుగా ఉన్నాయి. ఇన్ని ఉప్పులున్న ఇంట్లో నా బిడ్డ తినగలిగే ఆవకాయ ముక్క ఒక్కటి లేదు.

నీ మీద నాకు ఈ కుళ్ళు ఈనాటిది కాదులే. మనిద్దరం పక్కపక్క వాటాల్లో ఉన్న రోజుల్లో, నువ్వు గిన్నెలో పంపిన పచ్చిపులుసు తాగి మీ బావగారు, పుష్పమ్మ చేతిలో ఉప్పు ఎప్పుడూ సరిగ్గా పడుతుందోయ్ అనేవారు. నేను చెంచాతో కొలిచి వేసేదాన్ని. నువ్వు లింగంతో పోట్లాడుతూనే పిడికిట్లోంచి విదిల్చేదానివి. అయినా నీదే సరిగ్గా ఉండేది. అలేఖ్య బడి నుంచి వచ్చి నా గుమ్మం దాటి నీ తలుపు తట్టేది. ఇక నాకంటూ మిగిలింది ఒక్క ఆవకాయ. మీ ఇళ్ళలో అల్లం, ఎల్లిగడ్డ వేసి తొక్కు పెట్టుకునేవాళ్ళు. ఆవపిండి పాళ్ళు నాకే తెలుసు. గుడివాడ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా, ఈ వీధిలో ఎవరికి ఆవకాయ కావాలన్నా నా గుమ్మం ఎక్కాల్సిందే.

అలాంటిది నిరుడు నువ్వొచ్చావు. అక్కా, మా శ్రావణ్‌కుమార్ పెండ్లికి మీ ఆవకాయ నేనే పెడ్త, ఉప్పు ఒక్కటే సమజైతలేదు, దొడ్డుప్పు ఎయ్యాల్నా పాకిటుప్పు ఎయ్యాల్నా జెర చెప్పు అన్నావు. మీ దొడ్డుప్పే మా కల్లుప్పు. నేను చెప్పాను. నువ్వు తలూపి వెళ్ళావు.

నీ కొడుకు పెళ్ళిలో మూడు బంతులు లేచాయి. మూడింటిలోనూ జనం ఆవకాయ మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. మీ బావగారైతే నా పక్కనే కూర్చుని వేళ్ళు నాకారు. అది చాలదన్నట్టు నువ్వు నా చెయ్యి పట్టుకుని పందిరి మధ్యకు లాక్కెళ్ళావు. నాదేముంది ఇందుల, మా నాగరత్నమ్మక్క ఎట్ల చెప్తే గట్లనే పెట్టిన, ఉప్పు గూడ ఆమె చెప్పిందే ఏసిన అన్నావు. మీ పొదుపు సంఘం ఆడవాళ్ళంతా నన్ను చుట్టుముట్టి మెచ్చుకున్నారు. నేను తాంబూలం కూడా తీసుకోకుండా వచ్చేశాను. తలనొప్పి అన్నాను. ఆ తలనొప్పి ఏడాది పట్టింది. నువ్వు అలేఖ్యకని పంపిన జాడీ అందించాను గాని, తెచ్చిన నీ కూతురు నిషితను కూర్చోమనైనా అనలేదు. నువ్వు ఫోన్ చేస్తే ఇంట్లో ఉండీ లేననిపించాను.

ఇప్పుడు అడుగుతున్నాను. పుల్లటి కాయ ఇంకో వారం పది రోజులు దొరుకుతుంది. నా వంటింటికి వచ్చి అలేఖ్యకు ఆవకాయ నువ్వే పెట్టు. కల్లుప్పు రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి, దంచి, జల్లించి ఉంచాను. తడి ఏమాత్రం లేదు. కాయలు నేను కొడతాను, ముక్కల పొర తీసి తుడుస్తాను, నువ్వు కూర్చోమన్న చోట కూర్చుంటాను. ఉప్పు గిన్నె జోలికి మాత్రం రాను. నువ్వు పెట్టింది అది ఇష్టంగా తింటుంటే చూసి సంతోషిస్తానని అబద్ధం రాయను. మండుతుంది. ఆ మంట నేను పడతాను, దాని కడుపు నిండితే చాలు. రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే కబురు చెయ్యి, కోపగించుకోను.

ఇట్లు,
నిన్ను చూసి ఇప్పటికీ కుళ్ళుకునే
నీ అక్క,
నాగరత్నం.

తా.క. నిషితా, మీ అమ్మ కళ్ళద్దాలు పెట్టుకోదు కాబట్టి ఈ ఉత్తరం నువ్వే చదువుతుంటావు. ఇదీ చదువు.

పుష్పమ్మా, నిరుడు నువ్వు అడిగిన రోజు నేను నీకు నిజం చెప్పలేదు. పాకెట్ ఉప్పు వెయ్యమన్నాను, సోల నిండా, పైన గుట్టగా. మెత్తటి ఉప్పు సోలలో ఒత్తుగా కూరుకుంటుంది, దంచిన కల్లుప్పు కంటే ఎక్కువ పడుతుంది, ఆ కొలతకు ఆవకాయ నోట పెట్టలేనంత ఉప్పు కషాయమవుతుంది. తెలిసే చెప్పాను. నీ కొడుకు పెళ్ళిలో, నీ చుట్టాల ముందు, నీ చెయ్యి ఒక్కసారి తప్పాలని కోరుకున్నాను. పందిట్లో మొదటి ముద్దకే అర్థమైంది, నేను చెప్పినట్టు నువ్వు పెట్టలేదని. అంటే నా అబద్ధం నీకు అప్పటికే తెలుసు. తెలిసి కూడా అంతమందిలో నా పేరే చెప్పావు.

నిషితా, గొంతు తగ్గించకు తల్లీ. ఇప్పుడు ఇంట్లో మీ అమ్మ ఒక్కతే ఉంటే ఆగు. మీ నాన్న, రాజవ్వగారు, ఆ రోజు నన్ను మెచ్చుకున్న సంఘం ఆడవాళ్ళు, అందరూ వచ్చి కూర్చున్నాక మళ్ళీ మొదటి నుంచి చదువు.