ఎదిగే పిల్లకు హెల్మెట్

నాన్నా,

బల్ల మీదున్న హెల్మెట్ పట్టుకెళ్లి సాయంత్రం మ్యాచ్‌లోపు మార్చుకురా. రెండు సైజులు పెద్దది. తల తిప్పితే నేను తిరుగుతున్నాను, అది తిరగడం లేదు. "ఎదిగే పిల్ల కదా, ఉంటుందిలే" అని స్కూలు బూట్లు కొన్నట్టే కొన్నావా? నాకు ఇరవై ఆరేళ్లు! పైగా లోపల దూది కుక్కుకోమని సలహా ఒకటి. దూదికి బంతి ఆగుతుందా? షాపతను కొలత అడిగితే నీ తల చూపించకు. నా పాత టోపీ సంచిలో పెట్టాను, అదివ్వు. ప్యాడ్లు సరిపోయాయి, వాటి జోలికి పోకు.

అన్నట్టు, మ్యాచ్‌కి రా. కానీ నాకు బంతి వేసిన ప్రతిసారీ కళ్లు మూసుకోకు. పోయినసారి నేను సిక్సర్ కొట్టానని నీకు పక్కాయన చెప్పాల్సి వచ్చింది.